ఇల్లు కొనేముందు ఎదురింటివారిని అడగండి

మా నవాబుపేటలో ఇల్లు కొనేవారు ముందు బోరులో నీళ్లున్నాయా అని చూస్తారు. విశాఖపట్నంలో ఇల్లు కొంటున్న మా తమ్ముడు, చూచి చెప్పమని నన్ను పిలిపించాడు.

సముద్రం కనబడే మేడను చూచి మరదలు మురిసిపోయింది. కిటికీ ఊచలేమో తుప్పుపట్టి పొరలు రాలుతున్నవి. బోరు నీళ్లు ఉప్పన.

రెండవ ఇల్లు చవక, గెడ్డ పక్కనే. కొండల మీది వాననీటిని సముద్రంలోకి మోసే వాగును అక్కడ గెడ్డ అంటారు. అమ్మేవారు చెప్పని సంగతి ఎదురింటి మామ్మగారు చెప్పారు: “గెడ్డ పొంగితే మోకాలిలోతు, బాబూ!” గోడమీద మరకకూడ చూపించారు. 2014 అక్టోబరు 12, ఆదివారంనాటి హుద్‌హుద్ గాలికి తమ పైకప్పు రేకులు ఎగిరిపోయాయట.

తమ్ముడిది ఇరవై ఏళ్ల కూడబెట్టు. చివరకు మధురవాడ వైపు, మిట్టమీద చిన్న ఇల్లు తీసుకున్నాడు.

“సముద్రం కనబడదు కదా, బావగారూ!” అని మరదలు ఇప్పటికీ అంటుంది.