నీళ్లు తేటగానే ఉన్నాయి, మరి చేపలకేమైంది?

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన కరీంనగర్‌లో, మా సైన్స్ ల్యాబ్‌లో 100 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఈమధ్య అందులోని రెండు క్లౌన్ ఫిష్‌లూ పైకి వచ్చి ఆయాసపడసాగాయి. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి.

"మొత్తం నీళ్లు మార్చేద్దాం టీచర్" అన్నారు ఎనిమిదో తరగతి పిల్లలు. ముందు టెస్ట్ కిట్‌తో చూద్దామన్నాను. అమోనియా బయటపడింది. ప్రతి బ్రేక్‌లో ప్రేమగా వేసిన మేత అడుగున కుళ్లుతోంది. అమోనియాను నైట్రైట్‌గా, ఆపై అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో, రాళ్ల మీద ఉంటుంది. అన్నీ ఒకేసారి కడిగేస్తే అదీ పోతుంది.

మేత తగ్గించాం. విడతకు 20 లీటర్లే మార్చాం. క్లోరిన్ తీసేసిన నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ అక్వేరియం ఉప్పు కలిపాం; వంటింటి ఉప్పు పనికిరాదు. ఆవిరైనంత మేరకు మంచినీళ్లే పోశాం, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఒక చేప దక్కలేదు. రెండోది మూడు వారాలకు మళ్లీ మేత అందుకుంది.

యూనిట్ టెస్ట్‌లో మార్కులు తగ్గగానే ట్యూషన్, టైమ్‌టేబుల్, సెక్షన్ అన్నీ ఒకేసారి మార్చాలనిపిస్తుంది. దయచేసి ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అడగండి. తర్వాత ఒక్కటే మార్చి, కొన్నాళ్లు గమనించండి.