అద్దాల బీరువాలో చోటు

నేను వెళ్ళేసరికి సబ్బవరంలో మా అన్నయ్యగారింట్లో అద్దాల బీరువా సర్దుడు జోరుగా సాగుతోంది.

"రేపు కప్పొస్తుందిగా, చోటుండొద్దూ?" అంటూ అన్నయ్య పాత టైంపీసుని తీసి కిటికీలో పెట్టేశాడు.

ఎనిమిదో క్లాసు చదువుతున్న మా మేనకోడలు మర్నాడు స్కూలు ఆటల పోటీల్లో వంద మీటర్లు పరిగెత్తబోతోంది. వొదిన బాదంపప్పు నానబోసింది. "గుంటది గెలవాలి గానీ" అంటూ మా అమ్మ వినాయకుడికి పదకొండు కొబ్బరికాయలు మొక్కేసింది. నేను మాత్రం వూరుకుంటానా? నవలలు రాసే నోరాయె! "మన విశాఖపట్నం పిల్ల జ్యోతి యర్రాజీ అంతటిదానివి అవ్వాలే. నీ గురించి నేనే రాస్తాను" అన్నాను.

రాత్రి దానికి కడుపునొప్పి. వాము నమిలించి పక్కన పడుకుంటే, నెమ్మదిగా అడిగింది: "అత్తా, ఓడిపోతే కూడా రాస్తావా?"

నాకు నిద్ర పట్టలేదు.

పందెంలో నాలుగోదిగా వచ్చింది. "పోన్లే, వచ్చే ఏడు ఫస్టు నీదే" అన్నాం అందరం ఒక్క గొంతుతో. ఓదార్పే అనుకున్నాం సుమండీ! "వచ్చే ఏడు నేను పరిగెత్తను" అని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఈ ఏటి కప్పు బరువు దిగకముందే వచ్చే ఏటిది కూడా దాని నెత్తిన పెట్టాం మరి!

జ్యోతి పేరెత్తాను గానీ, ఆ అమ్మాయి కథలో చెప్పవలసిన ముక్క చెప్పనేలేదు నేను. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లోనూ ఆస్పత్రిలోనూ పనిచేసిన మనిషి. పోటీకి ముందు పతకం తెమ్మని ఆ తల్లి ఎన్నడూ అనలేదట. ఆరోగ్యంగా వుండు, చేసినదానితో నీకు తృప్తి కలిగితే చాలు అనేదట. జ్యోతే చెప్పింది.

2020లో ఆ అమ్మాయి వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో ముగించింది. జాతీయ రికార్డు కన్నా వేగమే. కానీ నిషిద్ధ మందుల పరీక్ష జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనకనుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు వీచిందట. 2.0 దాటకూడదు! అదీ కొట్టేశారు. నేనైతే అక్కడితో మంచమెక్కేదాన్ని. ఆ పిల్ల మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23తో రికార్డు పట్టింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, సరిగ్గా ఆ 13.09 సెకన్లకే.

సాయంత్రం తలుపు తీశాక ఇదంతా చెప్పాను. అంతా విని, "నిజంగా వాళ్ళమ్మ పతకం అడగలేదా?" అంది.

"అడగలేదే."

గుమ్మంలో వొదిన గరిటె పట్టుకుని నిలబడి వింటోంది. "నేనూ అడగన్లేవే" అంది చివరికి.

తెల్లారి చూద్దును కదా, పిల్ల వీధి చివరిదాకా పరిగెత్తి వగరుస్తూ వస్తోంది. "ఎన్ని సె..." అనబోయిన అన్నయ్య వొదినకేసి చూసి నోరు మూసుకుని, కిటికీలో టైంపీసుని తెచ్చి బీరువాలో పెట్టేశాడు.