ఇద్దరు థామస్‌లు... ఒకటే జూలై 6

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద డోన్, ప్యాపిలి దాటి అనంతపురం జిల్లాలో అడుగుపెట్టగానే మనల్ని పలకరించేది గుత్తి కొండే. చుట్టూ ఎర్రనేలలు, వాటి మీద శెనక్కాయ చేలు, మధ్యలో పేర్చినట్టుండే నల్లరాతి గుట్టలు. వాటి నెత్తిన కోట!

మరాఠా వీరుడు మురారిరావు ఘోర్పడే ఏలిన కోట ఇది. ఎంతటి శత్రువైనా ఎక్కలేని ఈ కొండను 1776లో హైదర్ అలీ గెలిచాడు. ఫిరంగులకు లొంగని కోట చివరికి దాహానికి లొంగిపోయింది. లోపల నీళ్లు అడుగంటడంతో మురారిరావుకు తలవంచక తప్పలేదు. కరవుసీమలో కోటకైనా కొంపకైనా కష్టం ఒకటేనన్నమాట!

కోట సంగతి చాలామందికి తెలుసు. కొండ కింద ఉన్న చిన్న తెల్లదొరల శ్మశానం దగ్గర మాత్రం ఆగేవాళ్లు తక్కువ. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రోను మొదట ఖననం చేసింది అక్కడే.

మన్రో స్కాట్లాండ్ మనిషి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. ఊరూరా తిరిగి, రైతుతోనే నేరుగా శిస్తు లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ స్థిరపరిచాడు. ఈ ప్రాంతంలో పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారంటే దొర మీద జనానికెంత అభిమానమో! గవర్నరుగా పదవి ముగించుకుని ఇంటికి వెళ్లేముందు పాత మనుషులను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి 1827 జూలై 6న కన్నుమూశాడు. భౌతికకాయాన్ని గుత్తికి తెచ్చారు. నాలుగేళ్లకు, 1831లో, అవశేషాలను మద్రాసులోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

లండన్‌లో అదే తేదీ

ఇంగ్లాండ్ మత చరిత్రలోనూ జూలై 6 మరపురాని తేదీ. 1535లో అదే రోజున లండన్ టవర్ హిల్ మీద మరో థామస్ తల తెగింది. ఆయన సర్ థామస్ మోర్. ఎనిమిదో హెన్రీ రాజు పోప్‌తో తెగతెంపులు చేసుకుని ఇంగ్లాండ్ చర్చికి తానే అధిపతినన్నాడు. ఆ మాటకు ఒప్పుకుంటూ ప్రమాణం చేయనన్నాడు మోర్. చేసుంటే ప్రాణం దక్కేదే!

చిత్రమేమంటే ఆ ఇద్దరూ ఒకప్పుడు మంచి స్నేహితులు. రాత్రిపూట రాజు మోర్‌ను మేడ మీదికి తీసుకెళ్లి నక్షత్రాలు, గ్రహాల గమనం గురించి ముచ్చటించేవాడట. మోర్ అల్లుడు విలియం రోపర్ ఈ సంగతి రాశాడు. కలిసి నక్షత్రాలు లెక్కపెట్టిన స్నేహం మతం దగ్గర తెగిపోయింది.

మరి మన్రో? గవర్నరుగా ఉండగా 1822లో బళ్లారి సబ్ కలెక్టరు ఒకరు క్రైస్తవ మతప్రచారంలో తలదూర్చారని తెలిసి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అధికారి కుర్చీలో కూర్చున్నవాడు జనం మతం జోలికి పోకూడదన్నది ఆయన వాదన. అప్పట్లో అనంతపురం బళ్లారి జిల్లాలోదే. మూడు శతాబ్దాల తేడాతో ఇద్దరు థామస్‌లూ చెప్పింది ఒకటే. మనిషి నమ్మకం సర్కారు హద్దు దాటిన విషయం!

ఆకాశం లెక్క వేరు

ఇంతకీ ఆ రెండు జూలై ఆరులూ ఒకటేనా? కావు! మోర్ నాటికి ఇంగ్లాండ్‌లో పాత జూలియన్ క్యాలెండర్ ఉండేది. సూర్యుడితో కాస్త వెనకబడిన ఆ లెక్కను 1582లో పోప్ పదమూడో గ్రెగరీ సరిదిద్దాడు. పోప్ చెప్పాడు కాబట్టే ఇంగ్లాండ్ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి 1752లో దిగివచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తర్వాత రోజు సెప్టెంబరు 14 అయింది. ఇప్పటి లెక్కలో మోర్ మరణం జూలై 16న పడుతుంది.

మన పెద్దల పద్ధతి మరోటి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన శ్రావణ బహుళ విదియకు జరుగుతుంది. సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి వచ్చే తిథి ఏటా ఒకే ఇంగ్లిషు తేదీన రాదు. మఠం భూముల విచారణకు వెళ్లిన మన్రోతో స్వామి మాట్లాడారని అక్కడ చెప్పుకుంటారు. ఆ కథలో కలిసిన ఇద్దరిలో ఒకరిని తిథితో తలచుకుంటే, మరొకరిని తేదీతో తలచుకుంటున్నాం.

ఆకాశంలోనూ జూలై 6కు కొన్ని గుర్తులున్నాయి. 1982లో ఆ రోజున చంద్రుడు దాదాపు 106 నిమిషాలు పూర్తిగా భూమి నీడలో ఉండిపోయాడు. అప్పుడు గుత్తిలో మిట్టమధ్యాహ్నం, అందుకే మనకు కనిపించలేదు. భూమి సూర్యుడికి అందరికన్నా దూరంగా... అంటే సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేదీ జూలై మొదటివారంలోనే. 2010లో అది సరిగ్గా 6వ తేదీన వచ్చింది. జనవరి కన్నా 50 లక్షల కిలోమీటర్లు దూరం జరిగినా ఎండ తగ్గదేం అంటారా? కాలాలను తెచ్చేది దూరం కాదు, భూమి ఒంపు. ఇక వాన సంగతి పడమటి కనుమలు తేలుస్తాయి. మేఘాలు అక్కడే కురిసి, మిగిలిందే ఇక్కడికొస్తుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లే. జూలై 6న ఇక్కడి రైతు తల పైకెత్తేది అందుకే... శెనక్కాయ విత్తనానికి పదును దొరుకుతుందా అని!

అనంతపురం నుంచి గుత్తి సుమారు 50 కిలోమీటర్లు. రైల్వే జంక్షన్ కూడా ఉంది. కోట ఎక్కాలంటే పొద్దున్నే బయల్దేరండి. దిగేటప్పుడు కొండ కింద శ్మశానం దగ్గర ఓ ఐదు నిమిషాలు ఆగండి. నీళ్ల సీసా మాత్రం మరవకండి. మురారిరావు కోట పోగొట్టుకున్నది నీళ్ల దగ్గరే కదా!