తీర్చేది, తీర్చుకునేది

మా జంషెడ్‌పూర్ తెలుగిళ్లలో మనసు నొచ్చుకున్నవాళ్లందరికీ ఇప్పుడు ఒకటే మాట: ఫీలయ్యారు. తనకన్నా జూనియర్‌కి ప్రమోషన్ వచ్చిందని మామయ్య ఫీలయ్యాడు. అక్కకి కొత్త ఫోన్ కొన్నారని చిన్నది ఫీలయింది. శుభలేఖ వాట్సాప్‌లో పడేశారని మేనత్త ఫీలయింది. కాస్త ఎక్కువైతే హర్ట్ అయ్యారు, ముదిరితే ఇగో ప్రాబ్లం. శ్రీకాకుళంలో అయినా, హైదరాబాదులో అయినా ఇంతేనని తెలుసు. కానీ ఇక్కడ నష్టం ఎక్కువ. అక్కడ మనింట్లో మరిచిపోయిన మాట పక్కింట్లో వినబడుతుంది. ఇక్కడ పక్కింట్లో వినబడేది హిందీ, బెంగాలీ, ఒడియా.

నిజానికి ఆ ముగ్గురి బాధా ఒకటి కాదు. మామయ్యది అక్కసు. చిన్నదానిది అలక. మేనత్తది నిష్ఠూరం. వీటికి మందులూ వేరు వేరే. అక్కసు వెళ్లగక్కాలి, లేకపోతే లోపలే కుళ్లుతుంది. అలక ఎవరో ఒకరు వచ్చి తీర్చాలి. నిష్ఠూరాన్ని కూర్చుని వినాలి. బాధ పేరు తెలిస్తే ఎదుటివాళ్లు ఏం చెయ్యాలో కూడా తెలిసిపోతుంది. మన పాత మాటల్లో నాకు అపురూపంగా తోచేది ఇదే.

ఈ ఊళ్లోనే కద్మాలో ఉండే మా మేనత్త ఆ శుభలేఖ విషయం మా తమ్ముడితో అన్న తీరు నాకింకా గుర్తు. కోపం కాదు, గొంతు పెంచనూ లేదు. "ఏట్రా, నీకు మేం కానివాళ్లమైపోయామా? బొట్టెట్టి పిలవడానికి నీ పెళ్లానికి తీరుబడి లేదా?" అంది. ఆవిడకి కావలసింది జవాబు. ఎందుకు రాలేకపోయారో, ఏ పనుల్లో సతమతమయ్యారో తమ్ముడు చెప్పుకోవాలి. ఆవిడ మరో రెండు మాటలనాలి, కళ్లు తుడుచుకోవాలి, టీ పెట్టడానికి లేవాలి. పక్కనే ఉన్న మనవడు, "నానమ్మ ఫీలయింది మామయ్యా, సారీ చెప్పేయండి" అన్నాడు. తమ్ముడు సారీ చెప్పేశాడు. ఆవిడ "సరేలే" అని టీవీ వైపు తిరిగింది. ఆ సారీతో మాట అక్కడే తెగిపోయింది. ఆవిడ మనసులో ఉన్నది మనసులోనే ఉండిపోయింది.

నిష్ఠూరం అయినవాళ్ల మధ్యే ఉంటుంది. కానివాళ్లతో ఎవరూ నిష్ఠూరమాడరు. 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాలుగా వచ్చి స్థిరపడినవాళ్లం మేము. మా తాతల కాలంలో చావుకీ పెళ్లికీ సెలవు దొరకక, రైలు అందక వెళ్లలేకపోయినవాళ్లు ఎందరో. ఊరి నుంచి వచ్చే ఇన్‌లాండ్ ఉత్తరాల్లో క్షేమసమాచారాలు రెండు ముక్కల్లో ముగిసేవి, తక్కినదంతా "మమ్మల్ని మరిచిపోయారు" అనే మాటే. అంత దూరాన ఉన్నవాళ్లని బంధువులుగా నిలిపినవాటిలో ఆ నిష్ఠూరానికీ వాటా ఉందని నా నమ్మకం.

అలకకైతే మన పెళ్లిళ్లలో ఒక మంచమే వేశారు. అలకపాన్పు మీద కొత్త అల్లుడు మొహం తిప్పుకుని కూర్చుంటాడు, మామగారు ఏదో ఒకటి ఇచ్చి అలక తీరుస్తారు. మన భాష చేసిన ఒక పని ఇక్కడ గమనించాలి. అలకని ఎదుటివాళ్లు తీర్చాలి. కక్షని మనమే తీర్చుకుంటాం. ధాతువు ఒకటే, చివర "కొను" చేరేసరికి బతిమాలడం కాస్తా పగసాధింపు అయింది. అలిగినవాడి దగ్గరికి ఎవరూ రాకపోతే, తీర్చేవాళ్లు లేక తనే తీర్చుకోవడం మొదలుపెడతాడు. కొన్ని ఇళ్లలో ఇది జరగడం చూశాను.

బెంగాలీ ఇరుగుపొరుగు మాకు మరో మాట చూపించారు. మనకి అభిమానం అంటే ప్రేమ, ఆత్మగౌరవం కూడా. హిందీలో అభిమాన్ అంటే గర్వం. బెంగాలీల ఓభిమాన్ మాత్రం ప్రేమించినవాళ్లే పట్టించుకోనప్పుడు గొంతులో అడ్డుపడే నొప్పి. ఒకే సంస్కృత పదం మా క్వార్టర్ల వరసలో మూడు గడపల్లో మూడు రకాలుగా వినబడుతుంది. 1973లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'అభిమాన్' హిందీ సినిమా. భార్య పాటకి తనకన్నా పేరొస్తే భర్త తట్టుకోలేకపోవడం అందులో కథ. దర్శకుడు బెంగాలీ. ఆ పేరుని హిందీలో వింటే భర్త గర్వం తోస్తుంది, బెంగాలీలో వింటే ఆ ఇద్దరి నొప్పీ తోస్తుంది.

ఇంగ్లీషు ఈ విషయంలో పేద భాషేమీ కాదు. మనం తెచ్చుకున్నదే ఫీల్, హర్ట్, ఇగో అనే ఆ మూడు మాటలు. రిజెంట్‌మెంట్ అనే మాటకి మూలం ఫ్రెంచిలో మళ్లీ అనుభవించడం. జరిగినదాన్ని తవ్వుకుని తవ్వుకుని బాధపడేవాణ్ణి ఆ ఒక్క మాట పట్టిస్తుంది. రాంకర్ అంటే తీరని వైరం, దాని లాటిన్ మూలంలో ఉన్నది పాచిపోయిన కంపు. మన కుళ్లుకి అది సొంత అక్క. బిటర్ అంటే చేదే కానీ దాని పుట్టుక కొరకడంలో ఉంది. మనం చేదుని ఉగాది పచ్చడిలో వేపపువ్వుగా ఏటా చేత్తో తీసుకుని తింటాం. ఓర్వలేనితనానికి మాత్రం నిప్పుని తెచ్చుకున్నాం: కడుపుమంట, ఒళ్లుమంట.

ఈ ఊళ్లో ఇంగ్లీషు మాట ఒకటి నిజంగా పనికొచ్చింది: గ్రీవెన్స్. బరువు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. కార్మికుల ఫిర్యాదు వినే దారి ఇక్కడ ఊరికే పడలేదు. 1928లో ఇక్కడ నెలల తరబడి సమ్మె సాగింది, రాజీలో సుభాష్ చంద్రబోస్ పాలుపంచుకున్నారు. 1956లో కంపెనీ, యూనియన్ కలిసి సంప్రదింపుల ఒప్పందం రాసుకున్నాయి. తెలుగు చదవడం రాని కార్మికుడు కూడా "గ్రీవెన్స్ పెట్టాను" అంటాడు. పెట్టాడంటే అవతల దాన్ని చదివేవాడొకడు ఉండాలి, జవాబు చెప్పాలి. ఫీలయ్యాను అంటే ఎవరికీ ఏ పనీ పడదు. మేనత్త మాట్లాడింది గ్రీవెన్స్ లాంటి భాషే, తమ్ముడూ మరదలూ కలిసి ఒక సాయంత్రం కద్మా వెళ్లి కూర్చుంటే చాలు. వచ్చే ఆదివారం వెళ్లమని వాడికి చెప్పాను.