పిన్నిగారికి కుర్చీ

మోకాలి నొప్పి అని మన ఊళ్ళో ఒక్కసారి పైకి అంటే చాలు, వైద్యులకు కొదవుండదు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టమంటుంది మేనత్త. జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చచేసి కట్టమంటాడు పాలాయన. వంకాయ, బంగాళదుంప మానెయ్యమంటుంది ఎదురింటావిడ. ఆఖరికి కొరియర్ కుర్రాడు కూడా వాళ్ళమ్మ ఏ నూనె రాసుకుంటుందో చెప్పి మరీ వెళతాడు. కాపడంతో నాకు పేచీ లేదు. పట్టేసిన కండ వెచ్చదనానికి సడలుతుంది, కాసేపు ప్రాణం హాయిగా ఉంటుంది. వంకాయ చేసిన నేరమేమిటో మాత్రం నాకింతవరకూ బోధపడలేదు.

ఈ సలహాలన్నిటికంటే చేటు చేసేది ప్రేమగా తెచ్చి వేసే కుర్చీ. డాక్టరు ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిందమ్మా" అంటాడు. ఆ మాట ఇల్లు చేరిన గంటలో పిన్నిగారు గాజుబొమ్మ అయిపోతారు. పెళ్ళికి వెళితే "పిన్నీ, మీరు లేవకండి, ప్లేటు ఇక్కడికే తెస్తాం" అంటారు. ఆవిడ ముందు మేడెక్కడం మానేస్తారు, తర్వాత వీధి చివరి గుడి, ఆ తర్వాత పెరట్లో కరివేపాకు. కొన్నాళ్ళకు తొడ కండ కరిగి, నడుం చుట్టూ ఒళ్ళు పెరిగి, నొప్పి ఇంతకింతవుతుంది. "చూశావా, అరుగుదల ముదిరింది" అంటారు అందరూ.

ఆ గుజ్జు సంగతి కాస్త తెలిస్తే కుర్చీ తెచ్చేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఎముకల చివర్లను కప్పి ఉండే ఆ నున్నటి పొరలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. దానికి తిండి కీలులో ఊరే జిగట నీటి నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు అది నొక్కుకుంటుంది, ఎత్తినప్పుడు వదులై ఆ నీటిని పీల్చుకుంటుంది. కదలకుండా కూర్చోబెడితే పస్తు పెట్టినట్టే. మరి నరాలే లేనిది నొప్పెలా పుడుతుంది? నొప్పి కీలు చుట్టూ ఉన్న పొరలది, కండరాలది, గుజ్జు కిందున్న ఎముకది. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనబడినా చకచకా తిరిగేవాళ్ళున్నారు, ఫొటో శుభ్రంగా ఉన్నా మూలిగేవాళ్ళున్నారు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద చేసిన ఓ పరీక్ష 2002లో అచ్చయింది. మోకాలి అరుగుదలతో బాధపడేవాళ్ళలో కొందరికి చిన్న గొట్టం దూర్చి కీలు లోపల కడిగారు, కొందరికి గీకి శుభ్రం చేశారు. మిగిలినవాళ్ళకు పైపైన చర్మం కోసి, లోపల ఏమీ చేయకుండానే కుట్టేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు చెప్పలేదు. రెండేళ్ళపాటు గమనిస్తే నొప్పిలోనూ నడకలోనూ మూడు గుంపులకూ తేడా లేదు! అరుగుదలకు "లోపల క్లీన్ చేస్తాం" అనే మాట ఎక్కడ వినబడినా నాకు ఈ ఉత్తుత్తి కుట్లే గుర్తొస్తాయి.

బరువు సంగతి మాత్రం నిజం. కృత్రిమ మోకాళ్ళలో కొలత పరికరాలు అమర్చి జర్మనీలో లెక్క తీశారు. చదునైన నేల మీద నడుస్తుంటే మోకాలి మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్లు పడుతుందట, మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లకు పైగా, దిగేటప్పుడు మూడున్నర. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. చివర్లో నిటారుగా నిలబడే మోకాళ్ళ పర్వతానికి ఆ పేరు పెట్టినవాళ్ళు ఏ పరికరమూ లేకుండానే కొలిచారు. ఎక్కేసి బస్సులో దిగివచ్చే భక్తులు తెలివైనవాళ్ళే. మరో అధ్యయనం లెక్క ప్రకారం, ఒళ్ళు ఒక్క కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చేయాల్సిన పని చూడ్డానికి మరీ చప్పగా ఉంటుంది. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలు చాపి, తువ్వాలును కిందికి అదుముతూ ఐదు లెక్కపెట్టి వదలడం. కుర్చీలో కూర్చుని (కుర్చీకి ఇదొక్కటే సద్వినియోగం) కాలు ముందుకు చాచి కాసేపు నిలపడం. వీటికి తోడు రోజూ చదునైన దారిలో నడక. తొడ ముందరి కండ బలపడితే మోకాలి బరువు అది కొంత మోస్తుంది. ఫలితం వారాల మీద గానీ కనబడదు. కాస్త నొప్పి ఉన్నా చేయొచ్చు. మర్నాటికీ తగ్గకపోతే కొంచెం తగ్గించి చేయాలి. బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, కింద కూర్చునే టాయిలెట్టు కష్టమైతే నొప్పి పెచ్చుమీరిన రోజుల్లో మానుకోవచ్చు, అందులో నామోషీ లేదు.

మాత్రల దగ్గర జాగ్రత్త. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగే నొప్పి మాత్ర కడుపునీ కిడ్నీలనీ తినేస్తుంది. పేరూ ఊరూ లేని పొడి పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసిన ఉదంతాలున్నాయి. నొప్పి మాయమవుతుంది, మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. ఇక అన్నీ చేసినా నిద్ర పట్టనంత నొప్పి ఉంటే కీలు మార్పిడి మంచి ఆపరేషనే. ప్రధానిగా ఉండగానే వాజపేయి 2000లో ఒకటి, 2001లో ఒకటి చేయించుకున్నారు. 2017లో కేంద్రం ఆ కృత్రిమ కీళ్ళ ధరలకు కళ్ళెం వేసింది.

అయితే మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరమొచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, మడత మధ్యలో బిగుసుకుపోయినా, పొద్దున లేవగానే కీళ్ళు గంటసేపు పట్టేసినా అది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మిగతా రోజుల్లో నడవడానికి భయమేస్తే ఓ చేతికర్ర కొనుక్కోండి. కుడి మోకాలు నొప్పైతే ఎడమ చేత్తో, ఎడమదైతే కుడి చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.