నిదానమే ప్రధానము

నిదానమను మాటకు రెండర్థములు కలవు. తొందరపడకుండుట యొకటి, రోగమునకు మూలమేదో కనుగొనుట రెండవది. మొదటి యర్థము పసివాండ్రకును తెలియును. రెండవది వైద్యగ్రంథములలోనే నిలిచిపోయినది. మాధవకరుడు రచించిన మాధవనిదానమునందు చికిత్సాభాగమే లేదు. ఏ లక్షణములను బట్టి యే రోగమని నిశ్చయింపవలెనో యంతమాత్రమే యందు చెప్పబడినది. ఔషధముల జోలికి పోక రోగనిర్ణయమునకే యొక గ్రంథమును వినియోగించిన పెద్దల యభిప్రాయమేమో, నా యొడలిపై రెండేండ్లపాటు వచ్చుచు పోవుచు నుండిన యొక మచ్చ నాకు బోధించినది. సోదరీమణులలో నేయొకరికైన నుపయోగపడునేమో యని యా సంగతి వ్రాయుచున్నాను.

లోపావడ బొందు బిగియు చోట నడుమునకు కుడివైపున రూపాయి బిళ్లంత యెఱ్ఱని మచ్చ యొకటి పుట్టెను. పొయ్యియొద్ద చెమట పట్టినప్పుడు దురద పట్టరానిదిగా నుండెడిది. బొందు ఒరపిడియని కొందఱనిరి. మా అత్తగారు వంకాయయు గోంగూరయు మాన్పించిరి. పొరుగింటి పెద్దమ్మగారు తగిరిస గింజలు నూరి పంపిరి. తుదకు సమీపముననున్న యొక వైద్యుడు కుర్చీనుండి లేవకయే చూచి, వేడి చేసినదని చెప్పి, యొక లేపనము వ్రాసి యిచ్చెను. మూడు దినములలో దురద మాయమయ్యెను. పదునైదు దినములకు మచ్చయు కనబడకపోయెను. లేపనము మాని వారము తిరుగకుండ నది మరల వచ్చెను. ఈసారి అరచేయంత యయ్యెను.

ఇంటి పద్దుపుస్తకము నాచేతిలోనిదగుటచే, మచ్చ వచ్చిన తేదియు, పూసిన మందును, తగ్గిన దినమును, తిరిగి వచ్చిన దినమును అందే యొక మూల గుర్తు పెట్టుచుంటిని. రెండేండ్లలో ఆఱు ట్యూబులైనవి. ముగ్గురు వైద్యులు మూడు పేర్లు పెట్టిరి. ఒకరు వేడి యనిరి, ఒకరు ఎలర్జీ యనిరి, ఒకరు గజ్జి యనిరి. మందులు మాత్ర మించుమించుగా నొక్కటియే. పేర్లు మాఱి మందు మాఱకుండుట నాకు వింతగా తోచెను.

ఇంతలో మచ్చ మోచేతి మీదికిని ప్రాకెను. ఒకనాటి పేరంటములో నా చేతి తాంబూలము నందుకొనుటకు ఒక యిల్లాలు సందేహించి, పక్కనున్న పిల్లచేత నిప్పించుకొనెను. ఆమె నేమియు ననలేదు. నేనును ఏమియు ననలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినను నా మట్టుకు నేను భరించియే యుంటిని. ఎనిమిదేండ్ల మా అమ్మాయి మెడమీద గుండ్రని యెఱ్ఱని వలయము కనబడిననాడు మాత్రము భరింపజాలనైతిని. లోపావడ బొందు ఒరపిడి బిడ్డ మెడకెట్లు వచ్చును? వంకాయ యన్నచో అది ముట్టనైన ముట్టదే! ఒకరినుండి యొకరికి ప్రాకుచున్నదనగా, ఇది ఒరపిడియు కాదు, వేడియు కాదు, ఎలర్జీయు కాదని నాకు నిశ్చయమయ్యెను. మఱునాడే బిడ్డను వెంటబెట్టుకొని జిల్లా కేంద్రములోని ప్రభుత్వ వైద్యశాలలో చర్మరోగ విభాగమునకు పోతిని.

అచ్చటి వైద్యురాలు మందు మాట యెత్తకయే ప్రశ్నలారంభించెను. ఎప్పుడు మొదలైనది? ఏ కాలములో నెక్కువగును? ఇంట నింకెవరికైన నున్నదా? ఇదివఱకు పూసినవేవి? నేను పద్దుపుస్తకమును ఖాళీ ట్యూబులను ఆమె ముందుంచితిని. "సగము పని మీరే చేసి తెచ్చినారమ్మా" యని యామె నవ్వెను. పిమ్మట తెర చాటున నడుము, గజ్జలు, కాలివేళ్ల సందులు, గోళ్లు అన్నియు చూచెను. మచ్చ అంచున మొద్దు కత్తితో మెల్లగా గీరి, రాలిన పొట్టును గాజుపలకమీద వేసి, నూటికి పది పాళ్ల పొటాషియం హైడ్రాక్సైడు ద్రవము నొక చుక్క చేర్చెను. ఆ ద్రవము చర్మపు పొట్టును కరగించును గాని శిలీంధ్రమును కరగింపదట. కొంతసేపటికి నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూపెను. సన్నని దారములు కొమ్మలు కొమ్మలుగా నల్లుకొని యుండెను. "ఇది తామర" యనెను. రెండేండ్లు దొరకని పేరు అరగంటలో దొరకినది.

సంస్కృతమున దీనినే దద్రువందురు. చరకసంహిత దీనిని క్షుద్రకుష్ఠములలోను, సుశ్రుతసంహిత మహాకుష్ఠములలోను చేర్చినవి. ఆ గ్రంథములలో కుష్ఠమనగా చర్మరోగముల కన్నిటికిని సామాన్యనామము గనుక, ఆ మాట విని వెఱవనక్కఱలేదు. ఇంత పాతరోగము, చూచినంతనే పోల్చదగిన వలయాకారము గలది, ముగ్గురికి తెలియకపోవుటేమి యని యడిగితిని. ఆమె నా ఖాళీ ట్యూబు నొకదానిని త్రిప్పి, చీమతలలవంటి యక్షరములను చదివి వినిపించెను. అందు శిలీంధ్రమునకు మందొకటి, సూక్ష్మక్రిములకు మందొకటి, వీనితో కూడ క్లోబెటసోల్ అను బలమైన స్టెరాయిడు నొకటి కలిపియుండెను. స్టెరాయిడు దురదను, ఎఱుపును అణచును. అవి రెండును మన దేహము శత్రువుతో పోరాడు గుర్తులు. పోరాట మణగెను గాని శత్రువు చావలేదు. పైగా నడ్డు లేక లోలోపల వ్యాపించెను. మందు మానగానే బయటపడెను. వలయపు అంచు చెరిగిపోవుటచే చూచువారికి గుర్తు చిక్కదు. ఇట్టి మాఱువేషపు తామరను 1968లోనే ఇంగ్లండు వైద్యులు వర్ణించి, అజ్ఞాతవాసమున నున్న తామర యను నర్థము వచ్చు పేరు పెట్టిరట. విరాటుని కొలువులో పాండవులను పోల్చుకొనలేనివారికి మల్లెనే, పైవేషమును మాత్రమే చూచిన వైద్యులకు నా రోగము చిక్కలేదు.

మన దేశములో స్టెరాయిడు లేపనములు పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే విక్రయింపరాదని 2018లో ప్రభుత్వము నిబంధన చేసినది. అయినను అడిగినంతనే యిచ్చు అంగళ్లు కలవు. వేఱొక చిక్కును కలదు. మన దేశమున ప్రబలిన తామరశిలీంధ్రములలో నొకదానిని ప్రత్యేకజాతిగా గుర్తించి, 2020లో జపానుదేశపు పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే యని పేరిడిరి. ఈ జాతిలో కొన్ని, టెర్బినఫిన్ అను వాడుకమందునకు లొంగవు. కనుక నేటి తామర మన అమ్మమ్మల నాటి తామరవలె సులభముగా పోదు.

ఇంటిలోని వారందఱును చూపించుకొనవలెనని వైద్యురాలు చెప్పగా మా వారును వచ్చిరి. వారికిని గజ్జలలో నున్నదనియు, బడిపిల్లలకు శుచి శుభ్రత బోధించు తాము చెప్పుకొనుటకు సిగ్గుపడి యూరకుండిరనియు నప్పుడు తేలినది. ఒక్కరు దాచిన రోగము ముగ్గురినిండ తిరుగుచుండెను. స్టెరాయిడు మానిన తొలి పదిదినములలో దురద రెట్టింపగునని ముందే హెచ్చరింపబడితిని, అట్లే యైనది, ఓర్చుకొంటిని. మాత్రలు, స్టెరాయిడు లేని లేపనము వాడితిమి. తువాళ్లు ఎవరివి వారికి వేఱు చేసితిని. లోదుస్తులు వేడినీట నుతికి, ఎండలో నారవేసి, ఇస్త్రీ చేసితిని. మచ్చ కనబడకపోయినను వైద్యురాలు చాలుననువఱకు మందు మానలేదు. అందఱకును పూర్తిగా నెమ్మదించుటకు మూడు నెలలు పట్టినది. నా నడుమున చర్మము పలుచనై చారలు పడిన చోటు మాత్రము మునుపటివలె కాదని యామె దాచక చెప్పెను. ఆ చారలు నేటికిని ఉన్నవి.

దురదలన్నియు తామరయే యనుట నా యభిప్రాయము కాదు. గజ్జియైనచో రాత్రివేళ దురద హెచ్చును, వేళ్ల సందుల పొక్కులు లేచును; కంటికి కనబడని పురుగు దానికి మూలము. దద్దుర్లైనచో ఒక్కొక్కటి సాధారణముగా నొక దినములోపల మాయమై వేఱొకచోట లేచును. దద్దురు చుట్టు కలముతో గీత గీసి మఱునాడు చూచిన తెలియును. అంటుకొను బొట్టు పెట్టుచోట, గిల్టునగలు తగులుచోట, తలకు రంగు వేసిన పిమ్మట చెవులవెంబడి మచ్చ వచ్చినచో, బొట్టు జిగురునో, నికెలు లోహమునో, రంగులోని రసాయనమునో శంకింపవలెను. పొలము గట్లపై పెరుగు వయ్యారిభామ మొక్కవలన ముఖమునకు మెడకు వచ్చు మంటయు నట్టిదే. వీనికి గీరి చూచుట చాలదు. అనుమానపు పదార్థములను వీపున పట్టీలతో నంటించి, రెండు దినములకు విప్పి, మరల నొకటి రెండు దినములకు చూచు పరీక్ష వేఱుగా కలదు. 1895లో యాడసాన్ అను జర్మను వైద్యుడు దానిని లోకమునకు తెలిపెను. స్పర్శ తెలియని మచ్చ యేదైన కనబడినచో ఒక్కదినమైన నాలసింపక చూపింపవలెను. కుష్ఠు తొలిదశలో నట్లుండవచ్చును. నేడది మందులతో పూర్తిగా నయమగును.

కావున సోదరీమణులారా, వైద్యునియొద్దకు పోవునపుడు పాత ట్యూబులను, చీటీలను పారవేయక తీసికొనిపొండు. మచ్చ మిక్కిలిగా నున్న దినమున చేతిఫోనులో ఛాయాచిత్రము తీసి యుంచుడు. చూపబోవు దినమున నది తగ్గియుండవచ్చును. వచ్చిన దినములను వ్రాసికొనుడు. ఇంట నెవరెవరికున్నదో యడిగి తెలిసికొనుడు. మగవారిని మఱి రెండుమారులు అడుగుడు. నడుమునను గజ్జలను చూపుటకు సిగ్గైనచో వైద్యురాలినే కోరుడు. "దీని పేరేమి? ఏ పరీక్షవలన తెలిసినది?" అని వినయముగా నడుగుడు. అట్లడుగుట వైద్యుని నవమానించుట కాదు. మంచి వైద్యులు ఆ ప్రశ్నకు సంతోషింతురనుట నేను కన్నులార చూచితిని. పేరు తెలియని రోగమునకు పూయు మందు, గుఱి తెలియక విడిచిన బాణమువంటిది. అది తగులవలసినచోట తగులకపోవుటయే కాదు, తగులరానిచోట తగులును.