డైరెక్టర్ కావలెను

లైబ్రరీ డైరెక్టర్ ఉద్యోగానికి వచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: చిన్నప్పటినుంచీ పుస్తకాలంటే ప్రాణం. అబద్ధమేమీ కాదు. కానీ మా ఊళ్ళో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి పుస్తకం తెరిచే తీరికే ఉండదు. కప్పు కారితే కాంట్రాక్టర్ని పిలవాలి. మంచు పడితే లైబ్రరీ తెరవాలా వద్దా అన్నది తెల్లవారకముందే తేల్చాలి. పార్ట్‌టైమ్ వాళ్ళ షిఫ్టులు సర్దాలి. ఏడాదికోసారి బడ్జెట్టు పట్టుకుని టౌన్ కౌన్సిల్ ముందు నిలబడాలి.

న్యూజెర్సీలో ఒక చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీలో నాది రిఫరెన్స్ డెస్కు. పాత డైరెక్టర్ రిటైరయ్యాక, కొత్తవాళ్ళు దొరికేదాకా ఆ పని కూడా నాకే అప్పగించారు. ఉద్యోగానికి నేను దరఖాస్తు పెట్టనని ముందే చెప్పేశాను. వచ్చినవాళ్ళకి కావలసింది వెతికిపెట్టడం నాకిష్టం, బిల్లుల మీద సంతకాలు కాదు. నేను పోటీలో లేను కాబట్టి బోర్డువాళ్ళు నా ముందు మొహమాటం లేకుండా మాట్లాడేవారు.

మా దగ్గర డైరెక్టర్ని వేసేది మేయరూ కాదు, కౌన్సిలూ కాదు, ట్రస్టీల బోర్డు. రాష్ట్ర చట్టం ప్రకారం అందులో మేయర్, స్కూళ్ళ సూపరింటెండెంట్ ఉంటారు, లేదా వాళ్ళ తరఫున ఇంకొకరు వస్తారు. మిగతావాళ్ళని మేయర్ నియమిస్తాడు. వీళ్ళెవరికీ జీతం లేదు. మా బోర్డులో ఒక రిటైర్డు టీచరు, ఒక అకౌంటెంటు, ఒక ఫార్మసిస్టు ఉన్నారు. పగలు వాళ్ళ పనులు చూసుకుని రాత్రి ఏడింటికి వచ్చి కూర్చుంటారు.

డబ్బు సంగతీ చట్టంలోనే ఉంది. ఊళ్ళో ఆస్తుల విలువలో ప్రతి వెయ్యి డాలర్లకీ 33 సెంట్లు తక్కువ కాకుండా లైబ్రరీకి చేరాలి. ఆరు లక్షల డాలర్ల ఇల్లుంటే ఏడాదికి సుమారు 200 డాలర్లు. పన్ను బిల్లులో అది వేరే వరసలో కనిపిస్తుంది. అది చూసి, మా రెండొందలతో మీరేం చేస్తున్నారని నిలదీసేవాళ్ళుంటారు. జవాబు చెప్పుకోవలసింది డైరెక్టరే. మన తెలుగునాట 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద సెస్సు వసూలు చేస్తారు. ఆలోచన ఒకటే. తేడా అంతా వసూలైన సొమ్ము పుస్తకాలదాకా వస్తుందా రాదా అన్న దగ్గరే.

మొదటి పని ప్రకటన రాయడం. ఫైల్లో పాతదొకటి ఉంది. తేదీ మార్చి పంపేద్దామన్నారు ఒకరు. దూరదృష్టి, నాయకత్వ పటిమ, కలుపుగోలుతనం, కొత్త ఆలోచనలు అంటూ పేజీ నిండా ఉంది. అకౌంటెంటు ట్రస్టీ అంతా చదివి, ‘ఇందులో ఏది లేకపోతే మనిషిని వద్దంటాం?’ అని అడిగింది. ఎవరూ పలకలేదు. దాన్ని పక్కన పెట్టేసి, వచ్చే ఏడాదిలో జరిగి తీరాల్సిన పనులేమిటో రాసుకున్నాం: కప్పు మరమ్మతు పూర్తి చేయడం, పిల్లల గది మార్చడం, కౌన్సిల్‌తో చెడిన మాటలు కలపడం. ప్రకటన పావుపేజీకి దిగింది. చదువు విషయంలో మాత్రం బేరం లేదు. మాది పదివేల జనాభా దాటిన ఊరు కాబట్టి లైబ్రరీ సైన్సులో మాస్టర్సు, రాష్ట్రం ఇచ్చే లైబ్రేరియన్ సర్టిఫికెట్టు ఉండాల్సిందే.

అసలు తగవు జీతం దగ్గర వచ్చింది. న్యూజెర్సీలో 2025 జూన్‌నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంతనుంచి ఎంతదాకా ఇస్తారో వేయాలి. అంతకుముందు ‘అనుభవాన్నిబట్టి’ అని రాసి దాటేసేవారు. పోనీ అభ్యర్థి పాత జీతం అడిగి దానికి కాస్త కలుపుదామంటే, 2020నుంచి అదీ కుదరదు. అంటే ఈ కుర్చీ విలువెంతో బోర్డే తేల్చుకోవాలి. రాష్ట్ర లైబ్రరీ అసోసియేషన్ ఉద్యోగాల పట్టికలో చుట్టుపక్కల ఊళ్ళ ప్రకటనలు తీసి నేను వాళ్ళ ముందు పెట్టాను. అందరికన్నా కింద మేమున్నాం. కొత్త ఫర్నిచర్ కొనడం వాయిదా వేసి జీతం కొంచెం పెంచారు.

వెతికే కమిటీలో ముగ్గురే. ఎందుకంటే సగానికి మించి ట్రస్టీలు ఒకచోట కూర్చుని లైబ్రరీ పని మాట్లాడితే అది బహిరంగ సమావేశం కిందికి వస్తుంది. ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరైనా రావచ్చు. అందరు అభ్యర్థులకీ అవే ప్రశ్నలు, అదే వరసలో. టీచరుగారు రాసుకొచ్చిన మొదటి ప్రశ్న ‘మీ పిల్లలు మా ఊరి బడిలోనే చదువుతారా?’ ఎంతో ఆప్యాయంగా రాసిందే. బోర్డు లాయరు కొట్టేశాడు. పెళ్ళి, పిల్లలు, వయసు, మతం, పుట్టిన దేశం: ఇవేవీ అడగకూడదు. ఏ ఊరు, ఎవరి అబ్బాయి అంటూ పరిచయం మొదలుపెట్టే మనకి ఇది కాస్త వింతగానే ఉంటుంది.

నేను అందించిన ప్రశ్నలు రోజూ డెస్కు దగ్గర చూసేవే. జనవరిలో ఆదివారం రాత్రి బాయిలర్ ఆగిపోయింది, పొద్దున్న తొమ్మిదింటికి పసిపిల్లల కథల గంట ఉంది, ఏం చేస్తారు? ఒకాయన సిబ్బందికి స్ఫూర్తినిచ్చే మాటలు చెప్పాడు. ఒకామె మాత్రం, ‘బాయిలర్ సర్వీసు కాంట్రాక్టు మీకుందా? ఎవరి ఫోన్లో ఉంది ఆ నంబరు?’ అని ఎదురడిగింది.

రెండోది: పిల్లల విభాగంలోని ఒక పుస్తకం తీసేయమని ఒక తండ్రి కౌంటర్ దగ్గర కేకలేస్తున్నాడు. 2024 డిసెంబరులో గవర్నరు సంతకం చేసిన ‘ఫ్రీడమ్ టు రీడ్’ చట్టం గురించి అందరూ చదువుకునే వచ్చారు. పుస్తకాల ఎంపికకీ, అభ్యంతరాల పరిశీలనకీ రాతపూర్వకమైన విధానం ఉండాలంటుంది ఆ చట్టం. ఆ ప్రకారం పనిచేసిన లైబ్రేరియన్‌కి రక్షణా ఇస్తుంది. చట్టం అప్పజెప్పడం తేలికే. కేకలేస్తున్న మనిషిని కూర్చోబెట్టి, ఆయన చెప్పేది ఆఖరుదాకా విని, తరవాత ఫారం చేతికివ్వడం గురించి చెప్పినవాళ్ళు తక్కువ.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకాయన పెద్ద ఊళ్ళో డైరెక్టరుగా చేసి, ఇక నెమ్మదైన చోటు కావాలని వచ్చాడు. రెండో ఆమె బాయిలర్ నంబరు అడిగిన మనిషి. కౌంటీ లైబ్రరీ శాఖలో పిల్లల విభాగం చూస్తోంది, డైరెక్టరుగా ఎప్పుడూ చేయలేదు. ఇంటర్వ్యూకి ముందే ఒక శనివారం మామూలు మనిషిలా వచ్చి, ఏసీ పనిచేయని పిల్లల గదిలో కూర్చుని వెళ్ళిందని తరవాత తెలిసింది. బోర్డు మాత్రం ఆయనవైపే మొగ్గింది. కారణం ఒక్కటే: ఆమె మూడేళ్ళు పని నేర్చుకుని పెద్ద జీతానికి వెళ్ళిపోతుంది.

నా అభిప్రాయం అడిగారు. అమెరికా రాకముందు కోస్తాలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. అక్కడ ఎవరూ వెళ్ళిపోరు, రిటైరవుతారు. ఆ తరవాత ఆ పోస్టు నిండదు. పక్క ఊరి లైబ్రేరియన్‌కి ఇన్‌చార్జి ఇస్తారు. ఆయన వచ్చిన రోజు తలుపు తీస్తారు. మనిషి వెళ్ళినందుకు గ్రంథాలయం మూతపడలేదు, వెళ్ళినచోటికి ఇంకొకరు రానందుకు మూతపడింది. ఇక్కడ మా పాత డైరెక్టరూ ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నారు, మంచి మనిషి. కానీ కప్పు గ్యారంటీ కాగితం, అలారం కోడు, ఏ బిల్లు ఏ పద్దులో రాయాలన్నదీ అన్నీ ఆయన జ్ఞాపకంలోనే ఉండేవి. ఆయన వెళ్ళాక కొన్ని నెలలపాటు అవన్నీ వెతికింది నేను. కాబట్టి, ఎన్నాళ్ళుంటారని అడగడం దండగ అన్నాను. వెళ్ళేనాటికి తరవాతివాళ్ళ చేతికి ఏం అప్పగిస్తారో అడగండి.

ఆఖరి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నే అడిగారు. ఆయన కొత్త భవనం అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, ‘ఒక ఫైలు. ఏ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో, ఏ పని ఎవరికి తెలుసో. జీతాల లెక్క నాతో పాటు ఇంకొకరికి కచ్చితంగా వచ్చి ఉంటుంది’ అంది. అకౌంటెంటు కలం కింద పెట్టేసింది.

ఉద్యోగుల సంగతులు తలుపులు మూసుకుని మాట్లాడుకోవచ్చు గాని, ఓటు మాత్రం జనం ముందే వేయాలి. ఒక్కొక్కరి పేరూ పిలిచి అడిగారు. ఒక్క ఓటు తప్ప మిగతావన్నీ ఆమెకే పడ్డాయి. జనం కోసం వేసిన కుర్చీల్లో ఇద్దరున్నారు. అందులో ఒకరు పార్కింగ్ గురించి ఫిర్యాదు చేయడానికి వచ్చిన పెద్దాయన.

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు తక్కువేమీ లేరు. శనివారం పిల్లల గదిలో వినిపించేది సగం మన భాషే. బోర్డు సమావేశంలో మాత్రం నేను తప్ప మనవాళ్ళెవరూ కనిపించరు, నేనున్నా ఉద్యోగిగానే. ట్రస్టీ స్థానం ఖాళీ అయితే మేయర్ ఆఫీసుకి ఉత్తరం రాయొచ్చు. పుస్తకాల పండితులే కానక్కర్లేదు. లెక్కలు చూడగలిగినవాళ్ళు, సూటిగా ఒక ప్రశ్న అడగగలిగినవాళ్ళు చాలు. ఏటా ఆ 200 డాలర్లు మనమూ కడుతున్నాం. అది ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే గదిలో మనమూ కూర్చోవాలి.